యంత్రానికి బోణీ

నూజివీడు బస్టాండు దాటి మామిడి మార్కెట్ వైపు తిరిగే మూలలో ఒక ఫ్లెక్సీ కట్టి ఉండేది. అందులో మా ఆయన ఆసుపత్రి మంచం మీద కూర్చుని నవ్వుతూ ఉండేవారు. ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో చిన్న గాజు సీసా. ఆ సీసాలో ఉన్నది ఆయన ఒంట్లోంచి తీసిన రాయి తాలూకు పొడి. పక్కన డాక్టరు నిలబడి ఉండేవాడు. పైన ఎర్ర అక్షరాలతో 'అత్యాధునిక యంత్రం, కోత లేదు, కుట్టు లేదు, కిడ్నీ రాయి మాయం' అని రాసి ఉండేది. కింద 'మా తొలి రోగి ఆనందం చూడండి' అని ఉండేది.

ఆ ఫోటో తీసిన మర్నాడే ఆయన పోయారు. ఫ్లెక్సీ మాత్రం పెద్దకర్మ అయిపోయాక కట్టారు. ముందే ప్రింటింగుకు ఇచ్చేశారట. ఇచ్చినవాళ్ళకి ఆపాలని తోచలేదు. కట్టినవాళ్ళకి ఎవరి బొమ్మ కడుతున్నామో తెలియదు. కొట్టుకు వెళ్ళాలన్నా, బస్సు ఎక్కాలన్నా నేను ఆ మూల దాటే వెళ్ళాలి. ఏడాది పాటు అలాగే దాటాను. తీసెయ్యమని మా మరిది చేత ఫోన్లు చేయించాను. చేసిన ప్రతిసారీ "అలాగేనండీ" అన్నారు. ఆ అలాగేలు విని విని, చివరికి ఈ వేసవిలో నేనే వెళ్ళాను. వెళ్ళిన రోజున జరిగింది రాయాలని కూర్చున్నాను కానీ, దానికి ముందు జరిగింది చెప్పకపోతే ఇది అర్థం కాదు.

మాది మామిడి కమీషను వ్యాపారం. రైతు కాయ తెస్తాడు, మా కొట్టు ముందు రాశి పోస్తాడు, వేలం పాట జరుగుతుంది. మా వ్యాపారంలో బోణీకి ఉన్నంత పట్టింపు ఇంకొక దానికి లేదు. సీజను మొదటి రోజు మొదటి రాశికి ఎవరు పాట పాడారన్నది చివరి లారీ వెళ్ళేదాకా గుర్తుంటుంది. మా ఆయన చెయ్యి మంచిదని మార్కెట్లో పేరు. ఒక ఏడాది ఆయన బోణీ చేశాక ధర పడలేదు. ఆ ఏడాది ఇక్కడ గాలివాన రాలేదు, మిగతా చోట్ల పూత మాడిపోయింది. కారణం అది. కానీ గాలివానని పిలిచి బోణీ చేయించుకోలేరు కదా, ఈయన్ని పిలవడం మొదలుపెట్టారు. మందుల షాపు తెరిచినా, మిల్లు పెట్టినా ఈయనే. కొత్త ఆటో కొన్నవాడు కూడా ఇంటి ముందుకు తెచ్చి, మొదటి కిరాయికి ఈయన్ని ఎక్కించుకుని సెంటర్ దాకా తిప్పి తెచ్చేవాడు.

"నేను షావుకార్ని కాదే, కొబ్బరికాయని. నన్ను కొట్టి అందరూ మొదలుపెడతారు," అని నవ్వేవారు.

నవ్వేవారు గానీ, ఆయనకి అది ఇష్టమే. ఎవరినీ కాదనలేదు. బోణీ చేస్తానని మాటిచ్చి తప్పిస్తే అవతలివాడి వ్యాపారానికి అరిష్టమని ఆయన గట్టి నమ్మకం. జ్వరంతో ఉన్నా, పెళ్ళిలో ఉన్నా లేచి వెళ్ళి బోణీ చేసి వచ్చేవారు.

పోయిన ఏడాది వేసవిలో, బంగినపల్లి కాయ జోరుగా దిగుతున్న రోజుల్లో, ఆయనకి ఎడమ పక్క నొప్పి వచ్చింది. కొట్లో కాయల గోతాం మీద పడి మెలికలు తిరిగిపోయారు. మా మరిది ఊళ్ళో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. ఆ డాక్టరు పరాయివాడు కాదు. వాళ్ళ నాన్న తోట కాయ మా కొట్టుకే వచ్చేది. చిన్నప్పుడు నాన్నతో బండి మీద వచ్చి మా ఇంట్లో అన్నం తిన్నాడు. ఆయన్ని బాబాయ్ అని, నన్ను పిన్ని అని పిలుస్తాడు.

స్కాన్ తీసి చూపించాడు. కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగే సన్నని గొట్టంలో రాయి అడ్డం పడింది. దాని పైన కిడ్నీ వాచింది. నొప్పికి సూది ఇచ్చాక మా ఆయన లేచి కూర్చుని మామూలు మనిషయ్యారు.

"ఇప్పుడేం చేస్తావురా? కోస్తావా?"

"కోతలు పోయాయి బాబాయ్. కొత్త మెషిన్ తెప్పించాను. పురికొస అంత సన్నటి గొట్టం, స్కోపు అంటాం, చివర కెమెరా. ఎటు కావాలంటే అటు వంగుతుంది. ఒకసారి వాడి పారేస్తాం, ఒకరిది ఇంకొకరికి వాడేది లేదు. అందులోంచి లేజర్ వెళ్ళి రాయిని పిండి చేస్తుంది. చుట్టూ ఉన్న తొడుగు ఆ పిండిని పీల్చేస్తుంది."

"మరి ఇదివరకు ఎలా తీసేవాళ్ళు?"

"ముక్కలు చేసి, చిన్న వైరు బుట్టతో ఒక్కొక్కటే పట్టుకుని లాగేవాళ్ళం."

మా ఆయన నా వైపు తిరిగారు. "విన్నావా? ఇదివరకు చిక్కంతో కాయ కోసినట్టు కోసేవాళ్ళట. ఇప్పుడు చెట్టు మీదే రసం కాయని పిసికి జుర్రేస్తారట."

డాక్టరు పగలబడి నవ్వాడు. నర్సులూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ కుర్రవాడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క కోరిక బాబాయ్. మెషిన్ ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. పెద్దలు వస్తున్నారు. మీ రాయితోనే మొదలుపెడదాం. మీ చేతి బోణీ అయితే నాకు తిరుగుండదు."

"చేత్తో ఏంట్రా, నడుంతో అను."

"ఏదైతేనేం, బోణీ మీదే."

"అయితే ఖాయం చేసుకో."

అక్కడ నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే. "అప్పటిదాకా ఆగొచ్చా? దారి మూసుకుపోయిందని నువ్వే అన్నావుగా," అని అడిగాను.

"ఆగొచ్చు పిన్నీ. నొప్పి రాకుండా మందులిస్తాను. ఈలోపు నీళ్ళు బాగా తాగమనండి."

ఆ మాట నేను మర్చిపోను. ఆగొచ్చు అన్నాడు. చదువుకున్నవాడు, మంచివాడు, మా అన్నం తిన్నవాడు. ఆగొచ్చు అన్నది రాయిని చూసి కాదు. ప్రారంభోత్సవం పందిరిని చూసి.

ముఖ్య అతిథికి వేరే పని తగిలి ప్రారంభోత్సవం వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ముహూర్తం పెట్టారు, అది మంచిది కాదని ఇంకొకరన్నారు. ఇంకా వెనక్కి వెళ్ళింది. ఈలోగా రాయి కరుగుతుందని ఇంటికి ఉలవచారు వస్తోంది, అరటి దూట రసం వస్తోంది, కొండపిండి ఆకు వస్తోంది. తెచ్చినవాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళు తెచ్చినవి చేసిన మేలు లేదు, కీడూ లేదు. పైగా నొప్పి తగ్గింది. ఆయనకి పట్టరాని సంతోషం.

"చూశావా, రాయి కూడా నా మాట వింటోంది. ముహూర్తం దాకా ఆగుతానంటోంది."

నొప్పి తగ్గడం మంచిదేనని ఇంట్లో అందరం అనుకున్నాం. మూసుకుపోయిన కిడ్నీ పని మానేస్తే నొప్పి తగ్గుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు పందిరి వేయిస్తున్నాడు.

తర్వాత ఒక సాయంత్రం కొట్లోంచి వణుకుతూ వచ్చారు. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబడి లారీకి కాయ ఎత్తించినవాడికి జ్వరం వస్తే మా మార్కెట్లో ఇంకో పేరు పెట్టరు, వడదెబ్బ అంటారు. మజ్జిగ ఇస్తారు. మా మరిది కూడా అదే అన్నాడు.

"కంగారుపడకు వదినా. సగం మార్కెట్ ఇలాగే ఉంది. హమాలీలు పడుకునే ఉన్నారు."

"వాళ్ళకి చలి పుడుతోందా? ఈయనకి దుప్పటి కప్పినా పళ్ళు కొట్టుకుంటున్నాయి."

"ఎండ ఎక్కితే చలే పుడుతుంది."

నాకు సరిపడలేదు. విజయవాడ వెళ్దామన్నాను. ఆయన దుప్పట్లోంచే కోప్పడ్డారు.

"మాటిచ్చాను. నన్ను పెట్టుకుని వాడు కార్డులు కొట్టించాడు. ఇప్పుడు నేను ఇంకో ఆసుపత్రికి పోయి పడుకుంటే వాడి మెషిన్ ఎవడు ముట్టుకుంటాడు? బోణీ బేరం తప్పించినవాణ్ణి అవుతాను."

"అది బేరం కాదండీ, మీ కిడ్నీ."

"కిడ్నీ రెండున్నాయి. మాట ఒక్కటే."

ఈ మాట చెప్పి ఆయన నవ్వారు. ఆయన పోయాక ఈ మాటని చాలామంది గొప్పగా తలుచుకున్నారు. సంతాప సభలో ఒకాయన మైకులో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు లేచి ఆ మైకు లాక్కోవాలనిపించింది. అది గొప్ప మాట కాదు. జ్వరంలో ఉన్న మనిషి అన్న మాట. అలా అన్నప్పుడు పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, కారు తీయాలి.

డాక్టరుకి ఫోన్ చేశాను. జ్వరం టాబ్లెట్ వెయ్యమన్నాడు, మూత్రం పరీక్షకి పంపమన్నాడు. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

"చూడండి పిన్నీ, ఇన్ఫెక్షన్ లేదు. ఎండే. బాబాయ్‌ని కొట్టుకి పంపకండి, చాలు."

ప్రారంభోత్సవం రోజు పొద్దున్న కూడా జ్వరం ఉంది. టాబ్లెట్ వేశాను, తగ్గింది. లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సుతో చెప్పాను, జ్వరం వచ్చింది, మందు వేస్తే తగ్గింది అని. ఆమె ధర్మామీటరు పెట్టి చూసి, "ఇప్పుడు లేదండీ," అంది. బయట సన్నాయి వాయిస్తున్నారు. రిబ్బను కత్తిరించారు. ముఖ్య అతిథి మా ఆయనకి దండ వెయ్యబోతే, ఆపరేషన్ గౌను వేసుకుని ఉన్నారని ఆపి, పూలగుత్తి ఇచ్చారు.

యంత్రం చెప్పినట్టే పనిచేసింది. ఆ మాట దాచను. రాయి పొడి అయింది, పొడి బయటికి వచ్చింది, కోత లేదు, కుట్టు లేదు. మధ్యాహ్నానికి ఆయన మంచం మీద కూర్చున్నారు, సీసా పట్టుకున్నారు, నవ్వారు, ఫోటో తీశారు. పొద్దు వాలేసరికి వణుకు మొదలైంది. బీపీ పడిపోయింది. ఆసుపత్రి ముందు పందిరి స్తంభాలు అడ్డం వచ్చి అంబులెన్సు వెనక్కి తిరగలేకపోయింది. మా మరిది ఒక స్తంభం పీకి పారేశాడు. అప్పటికి విజయవాడ చాలా దూరం అయిపోయింది.

ఆయన పోయాక నేను చదివాను. నాకు చదువు ఇదివరకే అలవాటు. కొట్లో లెక్కలు ఆయనవి, ఇంట్లో పుస్తకాలు నావి. ఇంతకు ముందు లైబ్రరీ నుంచి నవలలు, చరిత్రలు తెచ్చుకునేదాన్ని. ఈసారి కిడ్నీ గురించి చదివాను. డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకున్నవి ఒక్కో వాక్యమే పట్టుకుని చదివాను. కష్టమేం కాదు. దారి మూసుకుపోయి, పైన మూత్రం నిలిచి, జ్వరం వచ్చిందంటే లోపల చీము పడుతోందని అనుకోవాలి. రాయి సంగతి తర్వాత. ముందు ఒక ట్యూబ్ వేసి ఆ చీము బయటికి పోనివ్వాలి. జ్వరం పూర్తిగా తగ్గాక రాయిని ఏ యంత్రంతో తీసినా ఒకటే. ఇంతే. ఇందులో అత్యాధునికం ఏదీ లేదు. ఎప్పటినుంచో ఉన్న ప్లాస్టిక్ గొట్టం.

ఇంకొకటి కూడా చదివాను. పూర్తిగా మూసుకుపోయినప్పుడు ఆ పక్క కిడ్నీలోని చీము కిందికి దిగదు. పరీక్షకి సీసాలో పట్టి ఇచ్చింది రెండో కిడ్నీ మూత్రం. బాగున్న కిడ్నీని పరీక్షించి, ఇన్ఫెక్షన్ లేదని మా చేతికి కాగితం ఇచ్చారు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఈ సంగతి ఆ కుర్రవాడికి తెలియదా? తెలుసు. పరీక్షల్లో రాసి ఉంటాడు. తెలిసినదాన్ని గుర్తు చేసుకునే తీరిక ఆ వారం అతనికి లేదు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అదృష్టవంతుడన్నారు. నొప్పి తెలియకుండా పోయాడన్నారు. దేవుడికి ఇష్టమైనవాళ్ళని తొందరగా పిలుచుకుంటాడన్నారు. బాధ్యుల పేరు చెప్పడానికి నోరు రానప్పుడు మనవాళ్ళు దేవుడి పేరు చెప్తారు. నేను మాట్లాడకపోవడం చూసి గుండె నిబ్బరం అన్నారు. నిబ్బరం కాదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకే తెలియక మూసుకున్నాను.

ఈ ఏడాది సీజను మొదలైంది. రైతులు ఇంటికి వచ్చి, బోణీ మా ఇంటి చేత్తోనే కావాలన్నారు. మా మరిది ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, వెళ్ళే ముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నసిగాడు.

"వదినా, ఆ రోజు పొద్దున్న నువ్వు కొట్టు వైపు... అంటే, జనం రకరకాలుగా..."

"రానులే," అన్నాను.

ఆయన చెయ్యి మంచిదని నమ్మినవాళ్ళే నా ముఖం మంచిది కాదని నమ్ముతారు. రెండూ ఒకటే నమ్మకం. మొదటిది ఆయన్ని చంపింది. రెండోది నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ బోణీ రోజు పొద్దున్న నేను ఇంట్లో కూర్చుని, ఇంకేం చెయ్యలేకపోయినా ఆ ఫ్లెక్సీ దింపించాలి అనుకున్నాను. ఆయన ముఖం పెట్టి ఇంకొకరిని పిలవడం ఆగాలి. నాకు కావలసింది అంతే.

చీర మార్చుకుని, ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరు లోపల రోగులని చూస్తున్నాడు. కూర్చోమన్నారు. నా పక్క బెంచీ మీద ఒక రైతు, ఆయన భార్య ఉన్నారు. ఆమె తల నిండా శాలువా కప్పుకుని గోడకి ఆనుకుంది. ఫ్యాను కింద అందరికీ చెమటలు కారుతుంటే ఆమె పెదవులు వణుకుతున్నాయి.

"ఏ ఊరండీ?" అని అడిగాను.

"ఉంగుటూరు అమ్మా. ఈవిడకి కిడ్నీలో రాయి. ఇక్కడ మెషిన్ మంచిదంట."

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటమ్మా, బస్టాండు దగ్గర షావుకారు గారి బొమ్మ ఉందిగా. మాది వరి పొలం. ఒక ఏడు చుట్టాలతో కలిసి ఆగిరిపల్లిలో తోట కౌలుకి పట్టాం. కాయ ఆయన కొట్టుకే వేశాం. ఆయన చెయ్యి మహా మంచిది. అంతటాయనే చేయించుకున్నాడంటే ఇంక మనకి భయమేంటి అని దిగిపోయాం."

ఆయన నా ముఖంలోకి చూసి ఏదో అనుమానపడ్డాడు.

"మీకు తెలుసాండీ ఆయన?"

"మా ఆయనే."

"అట్టాగా! బాగున్నారా అమ్మా?"

"ఆ ఫోటో తీసిన మర్నాడు పోయారు."

రైతు భార్య శాలువా పక్కకి తీసి నన్ను చూసింది. భయపెట్టాలని కాదు చెప్పింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు.

"నీకు చలి ఎప్పటినుంచమ్మా?" అని ఆమెని అడిగాను.

"నిన్న పొద్దుటినుంచండీ. కుదిపేస్తంది. నొప్పి తగ్గింది గానీ."

"మందు వేస్తే జ్వరం తగ్గి మళ్ళీ వస్తోందా?"

"ఆ, అంతేనండీ."

"ఏమన్నారు ఇక్కడ?"

రైతు అందుకున్నాడు. "స్కోపు అయిపోయిందంటమ్మా, సోమవారం వస్తదంట. మూత్రం పరీక్ష బాగుంది, సోమవారం రండి, రాయి తీసేస్తాం అన్నారు. బిల్లలు రాసిచ్చారు. ఇంకోసారి డాక్టరు గారిని అడిగి పోదామని కూర్చున్నాం."

నేను లేచాను. తలుపు దగ్గర నంబర్లు పిలిచే కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టి, "నంబరు రాలేదండీ," అన్నాడు. ఆ చేతిని తోసి లోపలికి వెళ్ళాను. డాక్టరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి పిన్నీ. ఫ్లెక్సీ గురించేగా. చెప్పాను వాళ్ళకి. సీజను కదా, నిచ్చెన ఎక్కేవాళ్ళందరూ కోతల్లో ఉన్నారు, దొరకడం..."

"ఫ్లెక్సీ సంగతి తర్వాత. బయట ఉంగుటూరు మనిషి కూర్చుంది. వణుకుతోంది. ముందు ట్యూబ్ వెయ్యి."

"ఎవరు? ఆవిడా? చూశాను పిన్నీ. సోమవారం పెట్టాం. యూరిన్ క్లీన్‌గా ఉంది."

"మీ బాబాయ్‌ది కూడా క్లీన్‌గానే ఉంది."

అతను చేతిలో పెన్ను కింద పెట్టాడు. ఎదురుగా కూర్చున్న రోగి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏడాదిగా నేను అనాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఆ గదిలో ఒక్కటీ అనలేదు. అక్కర్లేకపోయింది. అతని ముఖం చూస్తే తెలిసింది, అతనికీ ఆ పేజీ గుర్తొచ్చిందని.

"మీరు కూర్చోండి పిన్నీ," అని బయటికి వచ్చాడు. ఆమె నాడి పట్టుకున్నాడు. నుదురు ముట్టుకున్నాడు. నర్సుని కేకేశాడు. సోమవారం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మెలకువగానే ఉంచి, వీపు దగ్గర కొంచెం మత్తు సూది ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నటి గొట్టం వేశారట. నేను బయట రైతు పక్కన కూర్చున్నాను. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు. ఆసుపత్రి క్యాంటీన్ నుంచి టీ తెచ్చి ఇచ్చారు. అది తాగేంత వేడికి చల్లారేలోపే తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉంది. అందులో పసుపు పచ్చగా, చిక్కగా చీము.

డాక్టరు వెనకే వచ్చాడు. "టైముకి వేశాం. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాను. ఇక్కడే ఉంచుకుంటాను, తేడా కనిపిస్తే నేనే విజయవాడ తీసుకెళ్తాను. జ్వరం పూర్తిగా తగ్గాకే రాయి."

రైతు అతని కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. అతను వెనక్కి జరిగాడు.

నాకు సంతోషం కలగాలి. ఆమె లోపల పడుకుని ఉంది, ఆమె మొగుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. కానీ నాకు కలిగింది సంతోషం కాదు. ఏడాది పొడుగునా లేనంత కోపం వచ్చింది. చదివినప్పుడు అది పుస్తకంలో ఉన్న సంగతి. ఇప్పుడు కళ్ళతో చూశాను. పెద్ద యంత్రం లేదు, విజయవాడ లేదు, ముఖ్య అతిథి లేడు. ఈ ఆసుపత్రే, ఈ డాక్టరే, ఈ నర్సే, గోడ అవతల ఉన్న ఈ గదే. టీ చల్లారే లోపల అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

అతనికి అర్థమైంది. తల దించుకున్నాడు.

"ఇంతే పిన్నీ."

"ఆ రోజు కూడా ఇంతే కదా?"

"ఇంతే."

క్షమించమని అడిగాడు. అందరి ముందూ, నిలబడి అడిగాడు. నేను క్షమించానని చెప్పలేదు. క్షమించలేదు కూడా. "ఆ ఫ్లెక్సీ ఈ రోజు దిగాలి," అని మాత్రం అన్నాను. అతను నా ఎదురుగానే ఫోన్ చేశాడు. ఈసారి అలాగే అనలేదు. ఎవరూ దొరక్కపోతే తనే ఎక్కుతానన్నాడు.

తిరుగు ఆటోలో బస్టాండు దాటి మూల దగ్గరికి వచ్చేసరికి నిచ్చెన వేసి ఉంది. ఒక మనిషి పైనుంచి తాళ్ళు కోస్తున్నాడు. ఒక పక్క ఊడి ఫ్లెక్సీ మడత పడి వేలాడుతోంది. ఆటో ఆపించి దిగాను. అది కింద పడ్డాక ఆ మనిషి దిగి, దుమ్ము దులిపి, చుట్టడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి తీసుకెళ్తావు?"

"డాక్టరు గారు నన్నే తీసుకోమన్నారండీ. మాది ఆగిరిపల్లి అవతల తోట. చెట్టు కింద పరిస్తే కాయకి మట్టంటదు. మీకు కావాలాండీ?"

కావాలో వద్దో ఆలోచించాను. ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకుంటాను?

"వద్దులే, తీసుకెళ్ళు. బొమ్మ కింద పెట్టి పరుచుకో."

"అట్టాగేనండీ. అయినా తెల్ల పక్కే పైకి వేస్తామండీ, సొన కారితే తెలుస్తది."

బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టి, బండి వెనక కట్టుకుని, ఆగిరిపల్లి రోడ్డు పట్టాడు. నేను మళ్ళీ ఆటో ఎక్కలేదు. మార్కెట్ దారిలో నడిచి మా కొట్టు ముందు నుంచే ఇంటికి వెళ్ళాను. పాట జరుగుతోంది. మా మరిది నన్ను చూశాడు. పాట ఆపలేదు.